ప్రేమయ్యగారింటి మూడు తొట్లు

గుండ్లవంక,
పత్తికొండ తాలూకా,
ఫిబ్రవరి 6, 1955.

చిరంజీవి కృపమణికి పెద్దనాయన ప్రేమయ్య దీవించి రాసేది.

ప్రభువు దయవల్ల ఈడ మేమందరమూ బాగుండాము, నీళ్ళు తప్ప. కడపలో నువ్వూ, నీ బడీ, నీ హాస్టలు పిల్లోళ్ళూ బాగుండారని తలుస్తాను.

మావాడు, మీ అన్న ఏసురాజును పెండ్లికి చూసేదానికి మొన్న ఆదోని కాడి నుంచి ఒకాయప్ప వచ్చినాడు. ఆరాధన అయినాక ఇంటికి పిల్చుకొచ్చి చెంబు చేతికిస్తిమి. ఒక గుక్క తాగినాడు. పండ్ల కింద ఇసుక కరకరమన్నేది మాకందరికీ వినపడింది. ఆ గుక్క మింగలేదు, ఉమ్మలేదు. మర్యాదస్తుడు. నోట్లోనే పెట్టుకోని వాకిలి దాటినాడు. మళ్ళీ రాలేదు.

మన పేట బావి ఉప్పు. ఊరి బావి మనల్ని ముట్టనియ్యరు, నీకు తెలిసిందే. ఇంక వంకలో చెలిమలే గతి. ఇసుకలో గుంత తీసి, ఊరిన నీళ్ళు చెంబుతో తోడి, మీ పెద్దమ్మ కడవతో మోసుకొస్తాది. ఎండ ముదిరితే అవీ బురదే.

నువ్వు చెప్పిన సంబంధం, మీ బళ్ళో కుట్టుపని నేర్పే ఏసుమణి, మాకు శానా నచ్చింది. అయితే వాళ్ళది కాలువ కింద ఊరు. "నీళ్ళు లేని ఊరికి మా పిల్లనియ్యము" అని వాళ్ళవ్వ విశ్వాసమ్మ అనిందని నువ్వే రాస్తివి. ఈస్టరు అయినాక చూసేదానికి వస్తారంటివి. ఇది కూడా తప్పిపోతే పెండ్లి మాట ఇంక ఎత్తొద్దని ఏసురాజు అంటాండాడు. వాడు అన్నమాట మీద నిలబడే రకం, అదే నా భయం.

మీ కడపలో డాక్టరమ్మ బంగళాకు నీళ్ళు వడపోసే తొట్లుండాయనీ, ఇంటినిండా కొళాయిలనీ చెప్పింటివి. అట్లాంటిది మనింటికి అయితాదా? బొమ్మ గీసి పంపు.

ఇట్లు నీ పెద్దనాయన,
ప్రేమయ్య, సంఘ పెద్ద.

తా.క.: ఏసురాజు ఈ ఉత్తరం చదివి, "నా పెండ్లికి తొట్లెందుకు" అని నవ్వినాడు. నవ్వినాడు గాని స్టాంపు వాడే అంటించినాడు.

———

కడప,
ఫిబ్రవరి 14.

పెద్దనాయనగారికి కృపమణి వందనములు.

మీ ఉత్తరం లెక్కల పరీక్ష జరుగుతుండగా అందింది. పిల్లలంతా తలలు వంచుకుని రాసుకుంటున్నారు. కిటికీ బయట ఎండ పాలలా కాగుతోంది, దూరంగా పాలకొండలు ఆ ఆవిరిలో మెల్లగా ఎక్కడికో నడిచిపోతున్నట్టున్నాయి. నాకూ ఎక్కడికైనా పోవాలనిపించింది. పోవడానికి లేదు కనుక నల్లబల్ల మీద మనింటిని గీసి, దాని మీద మూడు తొట్లు కట్టాను. గంట కొట్టాక గానీ తెలియలేదు, పిల్లలు సగంమంది లెక్కలు మానేసి ఆ బొమ్మే దించుకుంటున్నారని.

సాయంత్రం బంగళాకు పోయి అంతా చూసి వచ్చాను. పద్ధతి ఇది. అన్నిటికన్నా పైన ముడినీళ్ళ తొట్టి. దాని కింద వడపోత తొట్టి. అందులో అడుగున గుండ్రాళ్ళు, ఆపైన కంకర, ఆపైన కడిగిన బొగ్గు, ఆపైన సన్న ఇసుక. దాని కింద మంచినీళ్ళ తొట్టి. అక్కడినుంచి గొట్టాలు ఇంట్లోకి. వంటింట్లో ఒక కొళాయి, పెరట్లో ఒకటి, స్నానం చేసేచోట ఒకటి. వసారాలో కూడా ఒకటి గీశాను, ఎందుకో నాకే తెలియదు. ఎవరో ఒకరు ఊరికే వచ్చి తిప్పి, చెయ్యి తడుపుకుని పోవడానికి.

ఒక నీటిబొట్టు ఇసుకలోంచి దిగడం ఊహించుకోండి, పెద్దనాయనా. దానికి ఏ తొందరా లేదు. ఒక్కో రేణువు దగ్గర కాసేపు ఆగి, తన దుమ్ము అక్కడ దింపుకుని, ఇంకో రేణువు దగ్గరికి జారుతుంది. పరీక్షల నెలలో అలాంటిదాన్ని తలుచుకుంటేనే నాకు ఒళ్ళు చల్లబడింది.

తొట్లు మిద్దె మీద పెట్టించండి. ఎత్తు కలిసొస్తుంది. బొమ్మ జతపరిచాను, నీళ్ళు వెళ్ళే దారికి బాణం గుర్తులు వేశాను.

ఇట్లు మీ అమ్మాయి,
కృపమణి.

తా.క.: అన్నయ్య ఫోటోను ఏసుమణి అడిగి పుచ్చుకుని కుట్టుమిషను సొరుగులో పెట్టుకుంది. సూది విరిగినప్పుడల్లా సొరుగు తెరుస్తోంది. ఈ మధ్య సూదులు చాలా విరుగుతున్నాయి.

———

గుండ్లవంక,
ఫిబ్రవరి 23.

చిరంజీవి కృపమణికి పెద్దనాయన ఆశీర్వదించి రాసేది. నీ ఉత్తరం, బొమ్మ అందినాయి. బొమ్మ బాగుండాది. గోడకు అంటించినాము.

అమ్మా, తొట్లు మిద్దె మీద పెట్టమంటివి. నువ్వు ఈ మిద్దె కిందే గదా పుట్టింది. ఏటేటా వానలకు ముందర చౌడు మన్ను పరిచి, తొక్కి, చుక్క నీళ్ళు నిలవకుండా చూసుకుంటాము. చుక్క నిలవనియ్యని జాగాలో చెరువు పెట్టమంటివి. మన్ను మిద్దె, దూలాలు తాత కాలానివి. తొట్టి దిగితే సక్కగా వంటింట్లోకే దిగుతాది. "అప్పుడు కొళాయి తిప్పే పని గూడా ఉండదు" అని మీ పెద్దమ్మ అనింది.

ఇంకొకటి. ఇప్పుడు మేము వంకలో ఇసుక తవ్వి, దాని కింద నీళ్ళు తోడుకుంటాండాము. నువ్వేమో ఆ ఇసుకనే ఎత్తి ఇంటి మీదికి తెచ్చి, ఆ నీళ్ళనే మళ్ళీ దాంట్లో పోసి, మళ్ళీ కింద పట్టుకోమంటాండావు. నేను తప్పు పట్టడంలేదు. చదువుకున్నదానివి. ఏసురాజుకు మాత్రం ఒక దినమంతా నవ్వు ఆగలేదు.

మేస్త్రీ హనుమన్నను పిలిపించినాను. నీళ్ళుండే వస్తువు ఈశాన్యంలో ఉండాలంటాడు. బరువుండే వస్తువు నైరుతిలో ఉండాలంటాడు. ఇది నీళ్ళూ, బరువూ రెండూ అయిపాయ. ఆయప్ప నాలుగు మూలలూ తిరిగి తిరిగి నడిమింట్లో కూర్చున్నాడు. మనకు వాస్తు లేదు. మేస్త్రీకి ఉండాది.

నా మటుకు నాకు, వాకిలి పక్కన బాట వైపు పెడితే బాగుంటాదనిపిస్తాది. పత్తికొండ బస్సులో వచ్చేవాళ్ళకు మలుపు కాడినుంచే అగుపిస్తాది. నీలం రంగు వేయిస్తే ఎట్లుంటాది? "నీళ్ళు" అని పెద్దక్షరాలు రాయిద్దామా?

ఇట్లు,
పెద్దనాయన ప్రేమయ్య.

తా.క.: పాస్టరుగారికి ఒక అనుమానం. తొట్టి గుడి మీది సిలువకన్నా ఎత్తుగా వస్తే ఎట్ల అని. దీనికి సైన్సులో ఏమి జవాబుండాదో రాయి.

———

కడప,
మార్చి 2.

పెద్దనాయనగారికి వందనములు.

మిద్దె సంగతి మరచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మిద్దె వదిలేయండి. కడప బండలు నిలబెట్టి, వాటి మీద మెట్లుమెట్లుగా కట్టించండి. కానీ వాకిలి పక్కన వద్దు! అక్కడ పొద్దుటినుంచి పొద్దు గూకేదాకా ఎండ. నీళ్ళు కాగుతాయి, పాచి పడుతుంది. ఇంటి వెనక, ఉత్తరం వైపు నీడలో, వంటింటి గోడకు దగ్గరగా కట్టించండి. గొడ్లపాకకు దూరంగా. మూతలు తప్పకుండా ఉండాలి. బొగ్గు బాగా కడగాలి, లేకపోతే మొదటి నీళ్ళతో మీరు ఉత్తరాలు రాసుకోవచ్చు.

బస్సులో పోయేవాళ్ళకు కనబడడం దేనికి, పెద్దనాయనా? వాళ్ళు తాగరు కదా. రంగు ఎందుకు, అక్షరాలు ఎందుకు? ఎవరికీ కనబడకుండా, వెనక చీకట్లో తన పని తాను చేసుకుపోవడమే వడపోత అందం. నిన్న మధ్యాహ్నం నీడలో పడుకుని కళ్ళు మూసుకుంటే మనింటి వెనకనుంచి బొట్టు బొట్టు పడే చప్పుడు నాకు ఇక్కడికి వినిపించింది. లేచి చూస్తే అది హాస్టలు వంటమనిషి గంజి వారుస్తున్న చప్పుడు. అయినా కాసేపు నమ్మాను.

ఏసుమణి వాళ్ళవ్వ ఏప్రిల్ పద్దెనిమిదిన వస్తానని కబురు చేసింది. ముఖం చూసి మోసపోయే మనిషి కాదు. నీళ్ళు తేటగా ఉంటే చాలు.

ఇట్లు,
కృపమణి.

తా.క.: పాస్టరుగారితో చెప్పండి: తొట్టి ఎత్తుగా ఉండాలనుకోవడం గర్వంతో కాదు, కిందికి దిగి అందరికీ అందాలని.

———

గుండ్లవంక,
ఏప్రిల్ 4.

చిరంజీవి కృపమణికి దీవించి రాసేది.

తొట్లు లేచినాయి. వాకిలి పక్కనే, బాట వైపు. కోపం తెచ్చుకోవద్దు. నువ్వు నీళ్ళ గురించి ఆలోచిస్తాండావు, నేను పిల్లోని గురించి ఆలోచిస్తాండా. వెనక చీకట్లో తన పని తాను చేసుకునేది మనింట్లో ఇప్పటికే ఒకటుండాది. అది ఏసురాజు. అందుకే ఎవురికీ అగుపడలేదు.

ఎండకు పైన కొట్టం వేసి, జొన్నసొప్ప కప్పినాము. మూతలుండాయి. నీలం రంగు వేయించినాను, అక్షరాలు మాత్రం నీ మాట విని మానుకున్నాను. బస్సు డ్రైవరు మలుపులో మెల్లగా పోతాండాడు, చూసేదానికి. పాస్టరుగారికి నీ జవాబు చదివి వినిపిస్తే ఆదివారం దాని మీదే ప్రసంగం చేసినాడు. బాగా చేసినాడు. నీ పేరు చెప్పలేదు.

ఒక వింత చెప్పాల. ఉత్తి తొట్టి, గాలి వీస్తే పాడుతాది. సన్నగా, ఎవురో దూరాన శంఖం పట్టుకోని ఊదేది మరిచిపోయినట్ల. పొద్దు దిగే యాళకు పేటలో ఆడోళ్ళు, పిల్లోళ్ళు వచ్చి దానికి చెవులు ఆనించి కూర్చుంటాండారు. ఏసురాజు మంచినీళ్ళ తొట్టిలోకి దిగి కీర్తన పాడినాడు. వాడి గొంతు అట్లుంటాదని నాకు ఇన్నేండ్లు తెల్దు. నేను గూడా బయట రాతి మీద కూర్చుంటి. ఆ పొద్దు ఎవురూ అన్నం అడగలే.

ఇట్లు,
ప్రేమయ్య.

తా.క.: మీ పెద్దమ్మ నీ బొమ్మ ముందర నిలబడి ఒక మాట అడుగుతాండాది. బాణం గుర్తులు పై తొట్టినుంచి కిందికి బాగుండాయి. పై తొట్టిలోకి వచ్చే బాణం మటుకు ఆకాశంలో మొదలైతాండాది. అది వానా? మన కాడ ఆ బాణం మూడేండ్లకొకసారి వస్తాది.

———

కడప,
ఏప్రిల్ 9.

పెద్దనాయనగారికి, పెద్దమ్మగారికి వందనములు.

పెద్దమ్మ అడిగింది రెండుసార్లు చదివాను. ఆ బాణం బంగళాలో మునిసిపాలిటీ గొట్టం. దాన్ని చూసి గీశాను, మన ఊళ్ళో అది లేదని ఒక్కసారి కూడా తోచలేదు. నీళ్ళు దిగడం గురించి నెలల తరబడి కలలు కన్నాను. ఎక్కడం గురించి ఆలోచించలేదు.

ఎవరో ఒకరు మోసి పొయ్యాలి. వంకనుంచి కడవతో తేవడమే కాక, నిచ్చెన ఎక్కి పొయ్యాలి. అంటే నేను పెద్దమ్మ పని తగ్గించలేదు, దానికి ఒక నిచ్చెన తగిలించాను.

దయచేసి విశ్వాసమ్మవ్వతో నిజం చెప్పేయండి. పరీక్ష పేపర్లున్నాయి, నేను రాలేను. రాగలిగినా ముఖం చూపలేను.

ఇట్లు,
కృపమణి.

తా.క.: ఎందుకలా ఉన్నావని ఏసుమణి అడిగింది. "నీళ్ళు" అన్నాను. పాపం, గ్లాసుతో తెచ్చి ఇచ్చింది.

———

గుండ్లవంక,
ఏప్రిల్ 20.

చిరంజీవి కృపమణికి పెద్దనాయన, పెద్దమ్మ దీవించి రాసేది.

నిజం చెప్పమంటివి. చెప్దామనే అనుకుంటి. కాని నీలం రంగు వేసినాక నిజం చెప్పేది శానా కష్టం.

మీ పెద్దమ్మ ముందే తేల్చి చెప్పింది: "కడవ గడపదాకా తెస్తా, నిచ్చెన ఎక్కను." నాకూ అదే భయం. వచ్చినోళ్ళు ఆడమనిషి నిచ్చెన ఎక్కేది చూస్తే, రేపు మా పిల్లకూ ఇదే గతి అనుకుంటారు. అందుకని ఏసురాజునే మోయమంటిమి. మన పేటలో మగోడు నీళ్ళు మోస్తే నవ్వుతారు గదా, ఎవురూ చూడకుండా తెల్లారకముందే కావడికి కిరసనాయిలు డబ్బాలు కట్టుకోని మోసి, ఆ మూడు తొట్లూ నింపినాడు. నిచ్చెన తొట్ల వెనక, గోడ చాటున పెట్టినాము. మేము గెలిచినామనుకుంటి.

వాళ్ళు దిగినారు. విశ్వాసమ్మ కొళాయి తిప్పింది. నీళ్ళు అద్దమట్ల వచ్చినాయి. తాగింది. మింగింది! అప్పటికే నా కండ్లలో నీళ్ళు. ఆ తర్వాతనే వచ్చింది చిక్కు. కాలువ కింద మనుషులు గదమ్మా, వాళ్ళకు కొళాయి కట్టేసే అలవాటు లేదు. కాళ్ళు కడుక్కున్నారు. ముఖాలు కడుక్కున్నారు. వెంట వచ్చిన పిల్లోళ్ళు వసారా కొళాయి కింద, నువ్వు ఊరికే గీసినదాని కిందనే, కూర్చోని ఆడుకుంటాండారు. నేను నవ్వుతాండా, లోపల తొట్టి ఖాళీ అయ్యే చప్పుడు నా కడుపులో వినపడతాండాది. గోడ చాటుకు పోయి, "రేయ్, ఇంకా తే!" అంటి. వాడు మళ్ళీ వంకకు పరుగు.

"పెండ్లికొడుకు యాడ?" అని విశ్వాసమ్మ.

"సంఘం పని మీద పత్తికొండకు పోయినాడమ్మా," అంటి. సంఘ పెద్దను, అబద్ధమాడితి.

ఆమె సరేనని లేచింది. పెరడు చూస్తానని గోడ తిరిగింది. ఆడ మనోడు చొక్కా తడిసి, భుజాన డబ్బాతో నిచ్చెన మధ్యలో ఉండాడు.

"ఎవురు నాయనా నువ్వు? కూలికి వచ్చినావా?"

వాడికి అబద్ధం రాదు గదా. "కాదవ్వా, పెండ్లికొడుకును. కాస్త పక్కకు జరుగు, మీద పడతాయి."

నేను గోడకు ఆనుకున్నా. సంబంధం పాయ అనుకున్నా. విశ్వాసమ్మ రాతి మీద కూర్చోని, వాడు పోసి దిగేదాకా చూసింది. మళ్ళీ పోయి మళ్ళీ తెచ్చేదాకా చూసింది. తర్వాత అనింది: "మా ఊళ్ళో వాకిట్లోనే కాలువ పారతాది. నా పెండ్లయినప్పటినుంచి మా ఇంటి మగోడు ఒక్కడు గూడా వంగి చెంబు ముంచింది లేదు. నీళ్ళు లేని ఊరికి పిల్లనియ్యము అంటి, నిజమే. నీళ్ళకు పోయేది పిల్లే అనుకోని అంటి."

పొలం అడగలే, ఇల్లు అడగలే. మే నెలలో గుడిలో పెండ్లి ప్రకటన చదివించమనింది. ఒకటే షరతు పెట్టింది. ఏ కాలానికైనా మన ఊరికి గొట్టాలు వచ్చినా, పై తొట్టిలోకి నీళ్ళు ఏసురాజే మోయాలంట.

ఇట్లు,
నీ పెద్దనాయన ప్రేమయ్య.

తా.క.: విశ్వాసమ్మ మాట విన్నప్పటినుంచి మీ పెద్దమ్మ కడవ ముట్టడంలేదు. ఏసురాజు చేనికి పోయిన పొద్దు నేను మోస్తాండా. చేతులు బొబ్బలు, అక్షరాలు వంకరపోతే మన్నించు.

ఇంకో తా.క.: పేటలో ఆడోళ్ళంతా తమ ఇండ్లకూ తొట్లు కావాలని పట్టుబట్టినారు. మగోళ్ళు గుంపుగా వచ్చి, ఆ బొమ్మ గీసినామె అడ్రసు ఇయ్యమంటాండారు. నేను ఇయ్యలేదు. కొన్నాళ్ళు ఈ పక్కకు రావద్దు.