వెలుగు కారే రాయి

ఫిబ్రవరి 9, ఆదివారం

నా మనవరాలు యమున ఎంగేజ్‌మెంట్ అయిపోయింది. పిల్లగాడి పేరు వేణుమాధవ్. కాసిపేట బొగ్గుబాయిలో సర్వేయర్. వేలికి వజ్రపు ఉంగరం తొడిగాడు. హాల్లో అందరూ ఆ రాయినే చూశారు. మా ముసలిది పూలమ్మ మాత్రం పిల్లగాణ్ణే చూసింది. నన్నెప్పుడన్న గట్ల చూసినవా అని అడిగాను. "నువ్వెప్పుడన్న గట్ల ఉన్నవా?" అంది.

ఇంట్లో ముత్యం ఉండగా వజ్రం ఎందుకే అన్నాను యమునతో. ముత్యం నా పేరే. నవ్వలేదు. ఫోన్‌లో ఉంది.

ఫిబ్రవరి 11

కంటికి పొర వచ్చిన దగ్గర నుంచి నా బండి యమునే నడుపుతుంది. నేను వెనక కూర్చుంటాను. సాయంత్రం చౌరస్తాలో మిర్చి బజ్జీలు. ఇవాళ వేణుమాధవ్ బైక్ మీద పోయింది. నాకు పార్సిల్ తెచ్చింది. చల్లారిపోయాయి.

ఫిబ్రవరి 13, పొద్దున 11

తలస్నానానికి పోతూ ఉంగరం ఫ్రిజ్ మీద పెట్టింది. రాయి మంచిదేనా చూద్దామనిపించింది. మంచిది కాకుంటే బాగుండనిపించింది. అబద్ధమెందుకు?

నేను బొగ్గుబాయిలో పనిచేసిన రోజుల్లో పైకప్పును కర్రతో కొట్టి వినేవాళ్ళం. గట్టిదైతే ఖంగున మోగుతుంది. పగులుంటే డొల్ల మోత. రాయి ఏదైనా రాయే కదా. చెంచా కాడతో నాలుగు దెబ్బలు కొట్టాను. ఏమీ చెప్పలేదు. ఇంకో నాలుగు కొట్టాను. పూలమ్మ చూసింది. "ఏంది, కప్పు కూలుతదా? ముసలోడా, బుద్ధున్నదా నీకు?" అంది.

అదే రోజు, రాత్రి

రాయి కదులుతోంది. యమునకు ఏడుపొక్కటే తక్కువ. "కొత్తదే గద తాతా, గిట్లెట్లయింది?" అంది. వాడు తెచ్చింది గట్లనే ఉంటది అన్నాను. పూలమ్మ నన్ను చూసిన చూపుకు అన్నం సగంలో లేచాను. రేపు నేనే బిగించుకొస్తానని ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 14

లక్ష్మీనగర్‌లో బంగారం దుకాణం. సేటు రాయిని బిగించి, కంటికి భూతద్దం పెట్టుకుని చూశాడు. వజ్రం అసలుదేనట. కట్, అంటే కోసిన తీరు, అంత మంచిది కాదట. "పెద్దగ కనబడాలని పల్చగ కోసిండ్రు తాతా. మీద పడ్డ వెలుగు మల్ల మీదికే రావాలె. దీంట్ల కిందికి కారిపోతున్నది" అన్నాడు.

నాకైతే ఏ కారుడూ కనబడలేదు. అయినా కడుపు నిండింది. చౌరస్తాలో ఒక్కణ్ణే బజ్జీలు తిన్నాను. వేడిగా ఉన్నాయి.

ఫిబ్రవరి 16, ఆదివారం

వేణుమాధవ్ భోజనానికి వచ్చాడు. మటన్ వడ్డించేదాకా ఆగాను. ఏం సర్వేయర్ సాబ్, బాయంత కొలుస్తవు గని రాయి కొలవరాదా, నీ వజ్రంల వెలుగు కారిపోతున్నదట అన్నాను. వాడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. యమున వైపు చూశాడు.  నాకు పండగే.

యమున లేచి నిలబడింది. "ఆయన్నేమంటవ్? అది ఏరింది నేను" అంది. ఇద్దరూ కరీంనగర్ పోయి చూశారట. అదే ధరకు ఫస్ట్ క్లాస్ కట్‌ది ఉందట, కానీ నువ్వుగింజంత. వీడు అదే తీసుకుందామన్నాడట. "నేనే వద్దన్న. గంత చిన్నది మా తాత కండ్లకు ఆనది అన్న. నీకు కనబడాల్నని పెద్దది తీసుకుంటే, నువ్వు దాన్ని దుకాణంల వెట్టి నవ్వులపాలు చేసినవ్" అంది.

పూలమ్మ అదే అదనుగా చెంచా సంగతీ చెప్పేసింది.

వాడు నవ్వాడు. కోపంగా కాదు. "ఎట్ల మోగింది తాతా?" అని అడిగాడు. మంచి పిల్లగాడు. అదే నా కడుపుమంట.

ఫిబ్రవరి 17

యమున మాట్లాడలేదు.

ఫిబ్రవరి 20

మాట్లాడలేదు. చాయ్ మాత్రం పెట్టింది. చక్కెర వెయ్యలేదు. నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 23, సాయంత్రం

వేణుమాధవ్ వచ్చాడు. వాకిట్లో నా బండి హారన్ మోగింది. ముందు యమున, వెనక వాడు. "తాతా, బజ్జీలకు వస్తవా రావా?" యమున చెయ్యెత్తి ఊపింది. కళ్ళద్దాలు తీసి జేబులో వేసుకున్నాను. అంత దూరం నుంచీ రాయి తళుక్కుమంది. వెనక సీటు మీద నాకెవరూ కనబడలేదు. పోయి కూర్చున్నాను.

సీటు "అబ్బా, తాతా!" అంది.