పెద్దింట్లమ్మ పూతరేకులకు ఏ చిప్ కొనాలి?

ఆత్రేయపురం, జూన్ 3

చి.ల.సౌ. పావనికి, గోడకి ఇవతల నుంచి నీ తోటికోడలు రత్నమాణిక్యం దీవించి రాయునది.

నా నంబరు బ్లాక్ చేశావు కాబట్టి పోస్టులో వేస్తున్నాను. గోడ మీంచి పిలిస్తే ముందు నేనే మాట్లాడినట్టవుతుంది. అది నా వల్ల కాదు.

రాజమండ్రి కొట్టు ముసలయ్యగారు ఫోన్ చేశారు. మన పెట్టెల్లో వనస్పతి కంపుకొట్టే పూతరేకులు వస్తున్నాయట. "ఇలాగైతే మీ ఇద్దరి సరుకూ ఆపేస్తానండి" అన్నారు. అత్తగారు పెద్దింట్లమ్మగారి పేరూ బొమ్మా నీ పెట్టె మీదా నా పెట్టె మీదా ఒకటే కదా. ఎవరి పనో నేను పేరు పెట్టి అనను. నా పూతరేకులంటే కుళ్ళుకునేవాళ్ళు ఈ వీధిలో ఒక్కరే ఉన్నారు.

మూతకి అంటించే చిప్ లేబుళ్ళు ఉన్నాయి. ఫోను ఆనిస్తే పెట్టె విప్పారో లేదో చెబుతాయి. హైదరాబాద్ కంపెనీ అమ్మాయి హారతి పదివేల లేబుళ్ళకు తక్కువ ఇవ్వనంది. అంచేత ఇద్దరం కలిసి ఒకే రకం కొనాలి. నేను తీగ చిప్ ఎంచాను. మూత విప్పితే లోపలి తీగ తెగుతుంది. మళ్ళీ అతికించినా తెగిందనే చెబుతుంది. పైగా చవక.

ఇట్లు, రత్నమాణిక్యం

తా.క. నిన్న మీ పొయ్యి పొగ మా పెరట్లోకొచ్చింది. రేకు మాడినట్టుంది.

జూన్ 6

పూజ్యులైన అక్కయ్యగారికి పావని నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చూసి మా ఆయన "సమాధానం రాయకు" అన్నారండి. అందుకే రాస్తున్నాను.

హారతి నాతోనూ మాట్లాడింది. మీ చిప్‌కి నకలు తీయొచ్చటండి. రెండో రకం చిప్‌లో తీగా ఉంది, ఫోను ఆనించిన ప్రతిసారీ కొత్త సంతకమూ పెడుతుంది. నకలు లేబులైతే ఆ సంతకం పెట్టలేక అక్కడికక్కడే దొరికిపోతుంది. నాకదే కావాలి. నకలు తీయగలిగే చిప్ కోసమే మీరెందుకు పట్టుబడుతున్నారో నేనడగను. మీ ఇంటికి కొత్త ప్రింటరు వచ్చిందని మాత్రం విన్నాను.

మీ చెల్లెలులాంటి పావని

తా.క. మాడింది పాలండి. రేకు మాడితే ఆ వాసన మీరు గుర్తుపట్టేవారే, అలవాటున్న వాసన కదా.

జూన్ 9

పావనికి. దీవెనలు ఈసారికి ఆపాను.

ప్రింటరు మా అమ్మాయి చదువు కోసం. నీ ఖరీదైన చిప్ కొంటే మన చేతికి మిగిలేది చిప్పే. నీదెప్పుడూ ఇంతే. నేను స్టీలు బిందె కొంటే నువ్వు ఇత్తడిది కొంటావు. అత్తగారు పూతకుండ నా చేతికిచ్చారని మూడు రోజులు అన్నం మానేశావు. ఆ కుండ మీద రేకు తీయడం నీకు నేర్పిందెవరు? మొన్న యూట్యూబు వాళ్ళు నీ రేకు దోమతెరలా ఉందని పొగిడితే, నా పేరు ఒక్కసారైనా ఎత్తావా?

వాదన వద్దు. హారతి శాంపిళ్ళు పంపుతుంది. నా ఇరవై పెట్టెలకు నా చిప్, నీ ఇరవైకి నీ చిప్. ముసలయ్యగారి కొట్టులో పెడదాం. దొంగెవరో ఫోనే చెబుతుంది.

రత్నమాణిక్యం

తా.క. వీడియోలో నీ చీర బాగుంది. ఆ రంగు నాకైతే ఇంకా నప్పేది.

జూన్ 24

అక్కయ్యగారూ, నమస్కారం ఆనక పెడతాను. ముందిది చదవండి.

బస్టాండులో కొన్న పాడు పెట్టెనొకదాన్ని ఎవరో ముసలయ్యగారి దగ్గరకు తెచ్చారు. దానికున్నది నా చిప్పే. ఆయన ఫోను ఆనించారు. లేబులు అసలుదే, కానీ మూత ముందే విప్పారని వచ్చింది. అంటే మన పెట్టెలే కొని, ఖాళీ చేసి, చెత్త సరుకు నింపి అమ్ముతున్నారన్నమాట. ఫోను ఆనించినవాళ్ళు నంబరు కొడితేనే లేబులు కబురు చెబుతుంది కదండీ. ఆ నంబర్లు హారతి పంపింది. నా పెట్టెలు పంతొమ్మిది విప్పిన నంబరు మీది! ఆదివారంలోగా సమాధానం చెప్పండి. లేదంటే నలుగురిలో అడుగుతాను.

పావని

తా.క. మిమ్మల్ని అనుమానిస్తూనే ఉన్నాను గానీ, నిజమని తేలితే ఏడుపొచ్చిందండి.

జూన్ 26

పావనీ,

అవును, నేనే. చిప్‌లు రాకముందు నుంచీ పాలాయన చేత కొనిపిస్తున్నాను. అమ్మడానికి కాదు, తినడానికి. రేకు అంత పల్చగా నీకెలా వస్తోందోనని ఒక్కొక్కటీ కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. చిప్ నిజం చెబుతుందా అని ఫోను కూడా ఆనించాను, నా తెలివి మండ! ఈసారి పన్నెండో పెట్టెతో పరిశోధన అయిపోయింది. మిగతా ఏడూ ఊరికే తిన్నాను.

హారతి నాకూ జాబితా పంపింది, నీ పెట్టెలదీ నా పెట్టెలదీ కలిపి. నా పెట్టెలు పంతొమ్మిది విప్పిన నంబరు ఎవరిది పావనీ? నా నెయ్యి గుట్టు దొరికిందా?

ఖాళీ పెట్టెలు పాత సామాన్లాయనకి వేశాను. ఆయన్ని నిలదీశాను. "బస్టాండులో ఒకాయన కొంటాడండి. మీ రెండిళ్ళ పెట్టెలే నలగకుండా ఉంటాయండి" అన్నాడు. ఆ దొంగకి ఇన్నాళ్ళూ పెట్టెలు అందించింది మనమే! ముసలయ్యగారికి నేనే చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నవ్వి, సరుకు పంపమన్నారు.

నీ చిప్‌నే కొందాం. పెట్టెలు దొరకకపోతే వాడు రేపు నకలు లేబుళ్ళు కొట్టిస్తాడు. సాయంత్రం రా. నువ్వు రేకు తియ్యి, నేను నెయ్యి రాస్తాను.

నీ అక్కయ్య

తా.క. నీ ఇరవయ్యో పెట్టె విప్పింది మీ బావగారి నంబరు. నా ఇరవయ్యోది మీ ఆయన నంబరు. వచ్చేటప్పుడు ఆయన్నీ తీసుకురా. ముందు వాళ్ళిద్దరి సంగతి తేలుద్దాం, రేకులు తర్వాత.