మౌనికను దాటిన రోజు

అక్కా,

నీకు దండాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, పిల్లలూ బాగున్నారనే అనుకుంటున్నాను. నీ కాలికి కొత్త బూటు ఒరుసుకుంటోందని మీ చిన్నోడు చెప్పాడు. పుండు పడకముందే జనగామ దవాఖానలో చూపించుకో, రేపు మాపు అనకు. ఫోన్లో చెప్పొచ్చు కదా, ఈ కాయితం ఎందుకంటావా? ఇది నోటితో చెప్పలేను.

భూపాలపల్లిలో ఉతికిన బట్ట ఆరేలోపే బొగ్గు దుమ్ము పడుతుంది. మెస్సులో పప్పు తింటుంటే నీ పచ్చిపులుసే యాదికొస్తుంది. డ్రాయింగ్ సారుగా కుదురుకున్నాను, పిల్లలు బుద్ధిగా వింటారు అని రాద్దామనుకున్నాను. ఉత్త అబద్ధం.

ఆరో తరగతిలో మౌనిక అని ఒక పిల్ల ఉంది. గడ్డి కోసే మిషన్లో పడి కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. తోటి పిల్లలు "మొండి" అని పిలుస్తారు. నాకు ఒళ్ళు మండేది. తిడితే వినరు, బొమ్మలతో చెబుదామనుకున్నాను. ఒక్కొక్కరినీ వరండాలో పడుకోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీయించి, లోపల ముగ్గు రంగులు నింపించాలి. ఎవరి ఒళ్ళు ఎట్లుంటే అట్లే గీయాలి, ఏదీ దాచొద్దు, ఏదీ కలపొద్దు. మౌనిక వద్దంది. నేనే బతిమాలి పడుకోబెట్టాను.

పడుకుందో లేదో, అఖిల్ అనేవాడు ఎగిరి ఆ పిల్లను దాటాడు. పడుకున్నవాళ్ళను దాటితే ఇక పెరగరంటారు కదా, దాటినవాడే మళ్ళీ వెనక్కి దాటాలంటారు కదా. వాడు దాటలేదు.

"దాటిన! ఇగ నీ చెయ్యి మొలవది, పో!"

మౌనిక వాడి పిక్క పట్టి కొరికింది. రక్తం వచ్చింది. వాడు ఆ మొండిచేతిని మడమతో తొక్కాడు. ఆ అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. చెక్క స్కేలు తీసుకుని వాడి వీపు, తొడలు, ఎక్కడ దొరికితే అక్కడ కొట్టాను. స్కేలు విరిగితే చేత్తో కొట్టాను. వాడు నిక్కరు తడుపుకున్నాడు. నిజం చెబుతున్నా అక్కా, అప్పుడు నాకు హాయిగా అనిపించింది.

మర్నాడు అఖిల్ నాయిన వచ్చి తరగతిలోనే నా కాలర్ పట్టుకున్నాడు.

"పిల్లగాండ్లను పండవెట్టి పీనుగుల లెక్క గీతలు గీస్తవా? మీదికెళ్ళి నా కొడుకునే కొడ్తవా?"

ఒక్క దెబ్బకు పెదవి చిట్లింది. పరేషాన్ కాకు, మానింది.

ఆ తర్వాత మౌనిక మూడు రోజులు బడికి రాలేదు. వాళ్ళింటికి పోయాను. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, మెడ మీద వాతలు. అఖిల్, ఇంకో ఇద్దరు దారి కాచి బెల్టుతో కొట్టారట.

"ఇగ బడి బంద్, సారూ," అంది వాళ్ళమ్మ. "ఉన్న ఒక్క చెయ్యన్న మిగలాలె గద!"

మౌనిక నా మొహం చూడకుండానే మాట్లాడింది.

"నాకోసం ఎవ్వల్నీ కొట్టకుండ్రి, సారూ. మీరు ఒక్కపారి కొట్టి ఇంటికి పోతరు. నేను రోజూ గదే తొవ్వల పోవాలె."

ఇక ఎవరి మీదా చెయ్యెత్తనని ఆ తల్లి ముందు ఒట్టేశాను. బడికి మళ్ళీ పంపడానికి ఆమె ఒప్పుకుంది, పొద్దునా సాయంత్రం ఆ పిల్ల వెంట నేనే నడుస్తున్నాను. నిన్న తనంతట తనే పడుకుని గీయించుకుంది, తన బొమ్మలో తనే రంగులు నింపుకుంది, మోచెయ్యి దగ్గర ఆపేసింది. అఖిల్ నన్ను చూస్తే గోడకు అతుక్కుపోతున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అక్కా, చిన్నప్పుడు నర్మెట్టలో నిన్ను "కుంటి" అన్న ప్రతివాడినీ రాయి పుచ్చుకుని కొట్టాను. ఒకడి పన్ను రాలగొట్టాను. అందరూ మొనగాడన్నారు, నేనూ నమ్మాను. తర్వాత నన్ను తొర్రూరు హాస్టల్లో వేశారు. ఆ బడి తొవ్వలో నువ్వు ఒక్కదానివే మిగిలావు. ఆ ఏడే నువ్వు బడి మానేశావు. కాలు నొప్పి అన్నావు.

కాలు నొప్పేనా, అక్కా?

బావకు, అవ్వకు నా దండాలు చెప్పు, పిల్లలను ముద్దాడానని చెప్పు. దీవించమని అడగడానికి ఈసారి నాకు మొహం లేదు. తిట్టినా సరే, నిజం రాయి.

నీ తమ్ముడు,
రమేశ్