చంద్రి అంగడికి పోదు

సుల్తానాబాద్,
ఆదివారం పొద్దున.

అన్నకు, వదినకు కాళ్లు మొక్కి మీ తమ్ముడు మల్లేశం రాస్తున్నది. ఇక్కడ నేను, లచ్చవ్వ, బిడ్డ కవిత ముగ్గురం మంచిగున్నాం. మీరూ మంచిగున్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఈ చలిలో తెల్లవారక ముందే లేచి వాకిలి ఊడ్వొద్దని చెప్పు. చెప్పినా వినదని తెలుసు, అయినా చెప్పు.

మంగళవారం ఫోన్‌లో నువ్వు అరిచావు, నేనూ అరిచాను, నువ్వు పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. కాగితాన్నయితే నడుమ ఆపలేవు కదా, అందుకే కూర్చొని రాస్తున్నాను. కవిత తన నోటుబుక్కులోంచి నాలుగు కాగితాలు చించి ఇచ్చింది. కోపంగానైనా సరే, చివరిదాకా చదువు.

నువ్వన్న మాటలు ఒక్కటీ మరిచిపోలేదు. "నీ మంద నా మాట ఇంటలేదురా. ముందటిది నడిస్తె ఎనుకటియి రావు, నాలుగు దిక్కుల పోతయి. మొన్న పత్తిచేన్ల పడ్డయి, పదకొండింటినీ బందెల దొడ్డిల పెట్టిండ్రు. ఇడిపించేటాల్లకు నా ఇజ్జత్ పోయింది. ఇగ నాతోని కాదు, వచ్చే అంగడికి తోలుతున్న" అన్నావు. నేను జర ఆగమన్నాను. దానికి నువ్వు, "ఇంకొకని కొట్టంల పెండ ఎత్తెటోనివి, నీకెందుకురా పసుల ముచ్చట?" అన్నావు.

అన్నా, ఆ రోజు నాకు అన్నం దిగలేదు. పెండ ఎత్తుతున్న మాట నిజమే. మన కొట్టంలో ఎత్తలేదా? పదో ఏట బాపు నా చేతికి కర్ర ఇచ్చి మంద వెనక పంపినప్పటి నుంచి ఎత్తుతూనే ఉన్నాను. పెండకు సిగ్గుపడేవాడు పాలు తాగొద్దు.

ఇక్కడ నా బతుకు ఎట్లా ఉందో నువ్వు ఒక్కసారీ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. ఊరి బయట పాల డెయిరీ. అన్నీ నల్లమచ్చల సంకర ఆవులు. నెత్తి మీద ఫ్యాన్లు, మూతి ముందుకే గడ్డి, పాలు పిండడానికి మిషను. రోజంతా పది అడుగులు కూడా నడవవు. పేర్లు లేవు, చెవులకు నంబరు బిళ్లలున్నాయి. మొదటి వారం ఒక్కటీ నన్ను చూసి తల తిప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. "పెండ్లినాడు కూడ ఏడ్వనోనివి, ఆవు చూడలేదని ఏడుస్తున్నవా?" అని లచ్చవ్వ నవ్వింది. మరునాటి నుంచి నేనే పేర్లు పెట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు పిలిస్తే చూస్తాయి.

డెయిరీ సేటు ఖాదర్ భాయ్ మంచి మనిషి. ఒకనాడు ఒక ఆవు మేత మానేసి కడుపు బిగుసుకొని నిలబడింది. డాక్టరు వచ్చేదాకా ముట్టుకోవద్దని పనివాళ్లన్నారు. నేను వింటానా? తాడు విప్పి కాలువ గట్టు మీద అటూ ఇటూ నడిపించాను. కాసేపటికి పెండ వేసింది, నెమరు పట్టింది. డాక్టరు వచ్చి చూసి, నడిపించింది ఎవరని అడిగి, నా భుజం తట్టి పోయాడు. ఖాదర్ భాయ్ "ఇగ పసుల కాడ నీ మాటే నడుస్తది మల్లన్నా" అన్నాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం వంతుల వారీగా ఆవులను గట్టు మీద నడిపిస్తున్నాను. చేసేది జీతం పనే, తల మాత్రం ఎవరి ముందూ దించలేదు.

ఇక్కడి చలి మన బోథ్ చలి ముందు చలే కాదు, నా గురించి ఫికర్ పెట్టుకోవద్దు. పూటపూటా వరన్నమే. నాలుక జొన్నరొట్టెకు గుంజుతున్నది. నేను వచ్చేసరికి వదినను రెండు రొట్టెలు, ఇంత పచ్చిమిరప తొక్కు చేసి ఉంచమను. అవును, వస్తున్నాను. ఎందుకో చదువు.

నీ ఫోన్ పెట్టేశాక నేను ఇంట్లో కోపంతో చిందులు తొక్కాను. మా అన్నకు మంద తోలడం రాదు, రైతుకు పసుల సంగతి ఏం తెలుసు అని నోటికొచ్చినట్టు అన్నాను. లచ్చవ్వ అంతా విని, దర్వాజకు వేలాడుతున్న ఇత్తడి గంట వైపు చూపించింది. "చంద్రి మెడల గంట ఇప్పుకొచ్చి నువ్వు గీడ దర్వాజకు కట్టుకున్నవు. గంట గీడ మోగితె మంద గాడ నడుస్తదా? బావను అనుడు కాదు, నిన్ను నువ్వు అనుకో" అంది.

లేచి ఆ గంట విప్పి చేతిలోకి తీసుకున్నాను. మందను నీకు అప్పగించి ఊరు విడిచిన రోజు, యాదికి ఉంటుందని నేనే విప్పుకున్నాను. ముందు నడిచే చంద్రి పొదల చాటున కనిపించకపోయినా ఆ గంట విని తక్కిన పదీ వెంట నడిచేవి. ఆవు ముందు నడిచినా, గంట లేకపోతే అవి ఎటు రావాలి? నలభై ఏళ్లకు పైగా మంద కాసినవాడిని, ఏ పసులకాపరీ చేయని పిచ్చిపని చేశాను. నీ చేతగానితనం కాదు అన్నా, తప్పు నాది. ఇది ఒక్కసారే రాస్తున్నాను. ఊళ్లో పదిమందిలో అడిగితే ఒప్పుకోను.

ఇక్కడికి పని మీద వచ్చిన మన ఊరి తాపీ మేస్త్రీ రేపు తిరిగి వస్తున్నాడు. ఈ ఉత్తరం, గంట అతని చేతికే ఇస్తున్నాను. వదిన చేత చంద్రి మెడలో కట్టించు. నా బదులు మనిషి దొరకగానే, రెండు రోజుల్లో నేనూ, లచ్చవ్వా బస్సు దిగుతాం. పదకొండింటినీ ఇక్కడికి తోలుకొస్తాను.

గడ్డి ఎక్కడిదని అడుగుతావు. అన్నా, ఇక్కడ గడ్డిని కాలబెడుతున్నారు! మిషన్లతో వరి కోసి, గడ్డి మడిలోనే వదిలి అగ్గి పెడుతున్నారు. అక్కడ అడవి అంచున మొక్కలు నాటి కంచె వేస్తే మేపే జాగ లేక సగం మందను అమ్ముకున్నాం, నేను జీతానికి ఇటు రావాల్సి వచ్చింది. ఇక్కడేమో అంత మేతా పొగై పోతున్నది. మొన్న ఖాదర్ భాయ్ తన పొలానికి నిప్పు పెట్టబోతే అడ్డంగా నిలబడ్డాను. "ఈ గడ్డి నా పసులకియ్యి, అవి రాత్రిళ్లు నీ మడిలనే పండుకుంటయి, నీకు ఎరువు" అన్నాను. ఆయన కొంచెం ఆలోచించి సరేనన్నాడు. పక్క మడి రైతు కూడా తన పొలంలోనూ మంద పెట్టమని అడిగాడు.

నడిపించుకొస్తానంటే ఖాదర్ భాయ్ నెత్తి పట్టుకున్నాడు. "పాగల్ అయినవా? లారీల ఎక్కియ్యరాదు?" అన్నాడు. అంగడికి పోయే పసులే లారీ ఎక్కుతాయి, నావి నడిచే వస్తాయి అన్నాను. నిర్మల్ దాటి, సోన్ కాడ గోదారి వంతెన మీదుగా, జగిత్యాల, కరీంనగర్ దారిలో పన్నెండు మజిలీలు వేసుకుంటే చాలు. యాభై ఆరేళ్లవాడు ఏం నడుస్తాడని నువ్వు నవ్వుతావు. నవ్వు. లచ్చవ్వ నవ్వలేదు. "నువ్వు తోలు, నేను గంజు నెత్తిన పెట్టుకొని ముందు పోయి అన్నం వండుత" అంది. కవిత కరీంనగర్‌లో కలిసి, అక్కడి నుంచి నడుస్తుందట. కాలేజీకి పోయే పిల్ల నలుగురిలో మంద వెనక నడుస్తావా అంటే, "నేను లెక్కలు నేర్చుకున్నదే మన పసులను లెక్కబెట్టి, నాకేం సిగ్గు?" అన్నది. చిన్నప్పుడు భుజం మీద కూర్చోబెట్టుకొని అడవికి తీసుకుపోయిన బిడ్డ కదా, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అన్నా, బాపు పోయినప్పుడు పొలం నీకు, పసులు నాకు అనుకున్నాం. ఆ పొలం వైపు నేను ఒక్కనాడూ వేలు చూపలేదు. ఇన్నేళ్లూ నీ మాట దాటలేదు. నువ్వు చూపిన పిల్లను చేసుకున్నాను, పసులను కట్టే గుంజ నువ్వు నాటమన్న చోటే నాటాను. ఈ ఒక్క మాట వినను. దలారి ఇంటికొచ్చి బేరానికి రుమాలు కింద వేళ్లు పట్టుకుంటానంటే, పసులు నావి కావు, మా తమ్మునివి అని చెప్పి పంపు. అట్లా చెప్పడం నీకు నామోషీ అయితే, అవతలకు పొమ్మని వదినతో చెప్పించు. వదిన చెబుతుంది, నాకు నమ్మకముంది.

పక్కింటి పెద్దవ్వకు, మన వాళ్లందరికీ పేరుపేరునా దండాలు చెప్పు. నన్ను దీవించు. తిట్టాలనుంటే దాచిపెట్టుకో, రెండు రోజుల్లో ఎదురుగానే ఉంటాను. రాగానే నీ కాళ్లు మొక్కుతాను. మొక్కి లేచి, నువ్వు ఔనన్నా కాదన్నా, కొట్టం తడిక తీస్తాను.

నీ తమ్ముడు,
పసులకాపరి మల్లేశం