చెరిపేసిన పిలుపు

చిరంజీవి కోడలికి అత్తయ్య దీవెనలు. ఇదివరకు నీ పేరు పక్కన ఇంకో మాట కూడా రాసేదాన్ని. నా కొడుకు పోయాక ఆ మాట రాయడానికి చెయ్యి సాగడం లేదు.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, నా మోకాలి నొప్పీ. మందు వేసుకుంటున్నారా అని అడిగావు, వేసుకుంటున్నాను. కుట్టుపని మానేశారా అన్నావు, మానలేదు. మానితే రోజంతా ఎవరి ముఖం చూస్తూ కూర్చోను? నిన్న ఒకాయన చొక్కాకి జేబు కుడివైపు వేసేశాను. పక్క కొట్టు ఇస్త్రీ ఆయన చూసి, "అక్కా, జేబు ఎటేయాలో మర్చిపోయావు గానీ నామీద కేకలేయడం మాత్రం మర్చిపోలేదు" అన్నాడు.

మూడు ఉత్తరాల్లోనూ వాడి ల్యాప్‌టాప్ పంపమని అడిగావు. చివరి నెలలో వాడు రాసిందంతా అందులోనే ఉండిపోయిందనీ, అది లేక మీరిద్దరూ కలిసి పనిచేసిన ఆఫీసులో పని ఆగిపోయిందనీ రాశావు. ఫొటోలున్నాయని చెప్పి మీ ఇంట్లోంచి తెచ్చుకున్నది నేనే. పాడైంది, వెలగడం లేదని రాసిందీ నేనే. ఆ సంగతికి వస్తాను.

ముందు నా కడుపుమంట విను. వాడు పోయిన నాలుగోరోజు మీ ఆఫీసువాళ్లు వచ్చారు కదా. అందరూ నీ చుట్టూ చేరి, "ఆయన పని ఇక మీరే ముందుకు తీసుకెళ్లాలి" అన్నారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. కన్నది నేను, వాడి పని తెలిసింది నీకు. ఫోన్లో "ఏం చేస్తున్నావురా" అంటే, "డబ్బాల పనేలే అమ్మా, నీకు చెప్పినా అర్థం కాదు" అనేవాడు. వెనక నువ్వు నవ్వడం వినపడేది.

తర్వాత నువ్వే ఓపిగ్గా రాశావు. కంటైనరంటే ఒక ప్రోగ్రాముకి కావలసినవన్నీ సర్దిపెట్టిన డబ్బా అనీ, అలాంటివి వందలుంటే వాటిని నడపడానికీ ఆపడానికీ నల్ల తెర మీద మాటలు టైపు చేసి ఉపయోగించుకునే పనిముట్టు వాడు తయారుచేశాడనీ. అర్థమైంది. అర్థమయ్యేలా చెప్పింది వాడు కాదు, నువ్వని ఇంకా కుళ్లుకున్నాను.

ల్యాప్‌టాప్ పాడవలేదమ్మా. దాని తాళం మాట వాడి బడి రోజుల హాజరు నంబరే. దాని సంచిలో, మీ ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ల కోసం వాడు రాసిన కాగితం దొరికింది. నల్ల తెర ఎలా తెరవాలో పైన తెలుగులో, ఆ పనిముట్టును బిల్డ్ చేసి, అంటే రాసిన ముక్కలన్నీ కలిపి కుట్టినట్టు తయారుచేసి, ఇన్‌స్టాల్ చేసి, నడపడానికి కింద ఇంగ్లీషులో నాలుగు వరసలు. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా వచ్చు నాకు, కలిపితే రావు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, అలాంటి మీట వెతికి కొట్టాను. మధ్యలో ఖాళీలు వాడి చేతిరాత తీరనుకుని వదిలేశాను. ఖాళీ కూడా కొట్టాలని తెలియడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. మూడోనాడు తెర నిండా ఏవేవో జరజరా పరుగెత్తాయి. నాలుగో వరస కొట్టగానే, అంత ఇంగ్లీషులో ఒక్క తెలుగు ముక్క వచ్చింది.

"వచ్చావా పిచ్చుకా, డబ్బాలన్నీ భద్రం."

వాడే పలికినట్టయింది. ఆ సంతోషం ఎంతసేపు? పిచ్చుకవి నువ్వు. వంటింటి తలుపు చాటున వాడు నిన్ను అలా పిలవడం ఒకసారి విన్నాను.

ఫైళ్లన్నీ తెరిచాను. ఆ ఇంగ్లీషు మధ్య తెలుగు ముక్క అతుకేసిన గుడ్డలా తెలిసిపోయింది. అక్కడ అమ్మా అని రాద్దామనుకున్నాను. ఆ మీటలతో తెలుగు కొట్టడం నాకు రాదు, చెరపడం వచ్చు. ఫైలు తెరవడం, సేవ్ చేయడం, కుట్టు కొలతల అంకెలు దాచుకోమని ఒకప్పుడు వాడే నేర్పాడు. నీ పేరు చెరిపేశాను. మళ్లీ నడిపితే "వచ్చావా పిచ్చుకా" అనే అంది. నామీద మొండికేశాడనుకున్నాను. అప్పుడైనా ఊరుకోవలసింది. కాగితం అడుగున మళ్లీ తెలుగులో రాసుంది, ఏది మార్చినా మళ్లీ బిల్డ్ చేస్తేనే మారుతుందని. మొదటి వరస నుంచి, ఖాళీలతో సహా, తప్పు లేకుండా కొట్టాను. తెలిసే చేశాను.

"వచ్చావా, డబ్బాలన్నీ భద్రం" అంది. ఎవరినీ పిలవలేదు. నీకు లేకుండా పోయింది, నాకూ రాలేదు. కుట్టుమిషను మీద తల పెట్టి ఏడ్చాను. ఇస్త్రీ ఆయన పరుగున వచ్చి "ఏమైందక్కా?" అంటే, సూది గుచ్చుకుందన్నాను.

నిన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇంకెవరూ లేరని అప్పుడు గానీ తట్టలేదు. మిగిలిన ఒక్క చోటా నేనే చెరిపాను.

ఆదివారం బండికి ల్యాప్‌టాప్ నేనే తెస్తున్నాను. ఇంకేదీ ముట్టుకోలేదు, ఒట్టు. నా ముఖం చూడాలనిపించకపోతే గుమ్మంలో పెట్టి వెళ్లిపోతాను. చూస్తానంటే, ఆ పేరు నీ చేత్తో నువ్వే రాసుకో. మళ్లీ బిల్డ్ చేయడం మాత్రం నాకు వదిలెయ్. ఆ నాలుగు వరసలూ ఇప్పుడు కాగితం చూడకుండా కొట్టగలను.

ఇట్లు,
ఇంకా అలాగే పిలుస్తానంటే,
నీ అత్తయ్య