ఇద్దరు ఈరన్నలు, ఒక శాలువా

జూలై 28, సోమవారం

చేతిరాత బాగుండదు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబాటే. చదివింది ఐదో తరగతి, అదీ ఆస్పరి పక్కన మా ఊరి బడిలో. తప్పులుంటే ఏమనుకోవద్దు. బట్టలంగడివాళ్లు ఇచ్చిన ఈ డైరీ ఏడు నెలలుగా ఖాళీగా ఉంది. ఈ రోజు రాయకపోతే నేను ఆగేట్టు లేను.

ఫోను వచ్చింది. "ఈరన్ననేనా? కాలేజీ గేటుకాడ ఉంటివే, ఆ ఈరన్న?"

అవునన్నాను. ఆదోని కాలేజీ గేటుకు ఎదురుగా ముప్పై ఏళ్లు నా సైకిల్ షాపే కదా. ఫోను చేసిన మనిషి పేరు చంద్రశేఖర్. అప్పట్లో ఇక్కడ చదివాడట. ఆగస్టు పదో తేదీ ఆదివారం పాత విద్యార్థులంతా కలుస్తున్నారు.

"ఆ రోడ్డు మీద నీ మాదిరి మనిషి ఇంకొకడు లేడప్పా. స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతాం. రెండు ముక్కలు మాట్లాడల్ల."

ఇంకా బస్సు గురించి ఏదో అన్నాడు. నా ఎడమ చెవి సరిగా వినపడదు. అన్నిటికీ ఊఁ అన్నాను.

డెబ్బై మూడేళ్లు. ఇంతవరకు నా మీద ఎవరూ ఏదీ కప్పలేదు.

జూలై 29, మంగళవారం

సుంకమ్మకు చెప్పాను. పెళ్లాం కదా, సంతోషపడుతుందనుకున్నా.

"శాలువానా? నీకా? ఏం సేసినావని?"

పంక్చర్లు వేశాను అన్నాను. చాలాసేపు నవ్వింది. తరువాత పెట్టె తెరిచి తెల్లపంచె బయటికి తీసింది.

జూలై 30

ఏం మాట్లాడాలి... మైకు ముందు నిలబడితే నాకు నా పేరు కూడా రాదు. ఆ రోడ్డు మనుషుల గురించి చెబితే చాలేమో. తలుచుకుంటే ఒకరి వెంట ఒకరు వస్తున్నారు. కూర్చోలేకపోతున్నాను.

టీ కొట్టు ఖాజా సాయిబు. రిజల్టు రోజున ఫెయిలైన పిల్లలకు టీతో పాటు బన్ను ఊరికే ఇచ్చేవాడు. "పాసైనోడు ఇంటికి పోతాడు. ఫెయిలైనోడు మళ్లా సదవల్ల గదా, బలం కావల్ల." పాసైనవాళ్లు కూడా ముఖం వేలాడేసుకుని వచ్చి బన్ను తినిపోయేవాళ్లు. ఆయనకు తెలుసు. అయినా ఇచ్చేవాడు.

గొడుగు సారు. లెక్కలు చెప్పేవాడు. సైకిలు తెచ్చి ముందు చక్రానికే గాలి కొట్టమనేవాడు. "వెనకది దీని వెంబడే వస్తుంది లేప్పా."

ఇక బస్సు మనిషి. ఎమ్మిగనూరు బస్సు గేటు ముందే ఆగేది. ఆయనకు ఉద్యోగం లేదు, తనే కుట్టించుకున్న ఖాకీ చొక్కా ఉంది. బస్సు చుట్టూ తిరిగి, కిటికీల్లోని చేతులన్నీ లోపల పెట్టించి, డ్రైవరు పక్కన నిలబడేవాడు. "పోయొస్తాం అను." డ్రైవరు అనాల్సిందే. అంటేనే బస్సును రెండు దెబ్బలు చరిచి వదిలేవాడు. ఒకసారి కాలేజీ పిల్లలు కావాలనే "పోతాం, పోతాం" అని అరిచారు. పోతాం అంటే మళ్లీ రాని మాట కదా. ముందు చక్రం ముందర పడుకున్నాడు. "నా మీంద తోలుకొని పోండి. ఆ మాట మీంద మాత్రం పోవద్దండి." చివరికి బస్సులోని ఆడవాళ్లంతా "పోయొస్తాం నాయనా" అంటే లేచి దుమ్ము దులుపుకున్నాడు.

రాస్తూ రాస్తూ ఇక్కడ పెన్ను ఆగిపోయింది.

జూలై 31

ఆయన పేరు కూడా ఈరన్నే.

ఆగస్టు 1, శుక్రవారం

ఉరుకుంద ఈరన్నసామి పేరు ఈ చుట్టుపక్కల ఇంటికొకడు పెట్టుకుంటాడు. గేటుకు ఈ పక్క నేను, ఆ పక్క ఆయన. చంద్రశేఖర్ ఫోనులో బస్సు అన్నాడే... శాలువా ఆయనకు. నా నంబరు ఎవరో ఈరన్న అనగానే ఇచ్చేశారు.

సుంకమ్మ పంచెకు గంజి పెట్టి ఆరేసింది. చెప్పలేదు.

ఆగస్టు 2

చెప్పలేదు.

ఆగస్టు 3, ఆదివారం

మూడుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. నాలుగోసారి చంద్రశేఖర్ ఎత్తేశాడు. "నేను సైకిలు ఈరన్న. మీకు కావల్సింది బస్సు ఈరన్న." అంత మాట ఒక్క ఊపిరిలో అనేశాను. అవతల నవ్వు.

"అయ్యో అప్పా. ఆయన ఉండాడా?"

తెలీదన్నాను. బస్సులు గేటు ముందు ఆగడం మానినాక ఎమ్మిగనూరులో చెల్లెలింటికి పోయాడని మాత్రం విన్నా.

"దొరికితే పిలుచుకొని రా. దొరక్కపోతే శాలువా నీకే, నువ్వే కూర్చుందువు."

దొరక్కపోతే నాకే. ఆ మాట చెవిలోంచి పోవడం లేదు. రేపు పొద్దున్నే వెళ్లాలి, లేకపోతే వెళ్లను.

ఆగస్టు 4, సోమవారం

ఎమ్మిగనూరు పోయాను. ఆయన చెల్లెలు లక్ష్మక్క మగ్గం మీద చెయ్యి ఆపకుండానే చెప్పింది. "మా అన్ననా? శ్రావణమంతా ఉరుకుందలోనే గదా, బస్సులు పంపిస్తా ఉంటాడు. ఇంట్లో ఉంటే నేను కొళాయికి పోయినా పోయొస్తా అనిపిస్తాడు. ఈ నెల ఒకటే నాకు సుఖం."

ఉన్నాడు! బతికే ఉన్నాడు. నా మోకాళ్లకు అంత పరుగు ఎక్కడినుంచి వచ్చిందో, ఉరుకుంద బస్సు పట్టుకున్నాను.

శ్రావణ సోమవారం. సామి గుడికి జనమే జనం, వరసగా బస్సులు. మధ్యలో అదే ఖాకీ చొక్కా. జుట్టంతా తెల్లబడింది. బస్సును చరిచే చెయ్యి మాత్రం మారలేదు. దగ్గరికి పోయాను. "ఈరన్నా" అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

"యా ఊరు తాతా? ఆదోనీనా? ఎక్కు ఎక్కు, కిటికీ పక్క సీటుంది."

తాతా అట. నాకంటే రెండేళ్లు పెద్ద ఆయన.

"అది కాదు... కాలేజీ... సైకిలు..."

"సైకిళ్లు బస్సు మీంద ఎయ్యరు తాతా. నువ్వెక్కు."

రెక్క పట్టుకుని ఎక్కించాడు, కూర్చోబెట్టాడు. డ్రైవరు "పోయొస్తాం" అన్నాడు. రెండు దెబ్బలు. బస్సు కదిలింది. పిలవడానికి వచ్చినవాణ్ణి నన్నే పంపించేస్తున్నాడు! తల బయటపెట్టి "ఈరన్నా" అని అరిచాను. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. బస్సులో ఏడుగురు వెనక్కి తిరిగారు. "నన్నా? నన్నా?" అని. కింద ఆయన నావైపు చెయ్యి ఊపుతూ, "తల లోపల పెట్టు తాతా."

ఆదోని వచ్చేదాకా నవ్వు ఆగలేదు. కళ్లల్లో నీళ్లొచ్చాయి.

ఇంటికి వచ్చాక ఒక మాట పట్టుకుంది. ఆపమంటే డ్రైవరు ఆపేవాడు కదా. నోరు రాక ఊరుకున్నానా, శాలువా కోసం ఊరుకున్నానా... నిజంగా నాకే తెలీదు.

ఆగస్టు 5, మంగళవారం

సుంకమ్మకు అంతా చెప్పేశాను. "నాకు ముందే అనుమానం" అంది. ఆరిన బట్టలు మడతపెడుతూ, "పంచె ఆయనకు సరిపోతుందా?" అంది.

ఉత్తరం రాశాను. ఉరుకుంద బస్సు కండక్టరు తీసుకుపోయి ఇస్తానన్నాడు, వాళ్లందరికీ ఆయన తెలుసట. రాసింది ఇక్కడ కూడా ఎత్తి రాస్తున్నాను.

ఈరన్నకు, సైకిల్ షాపు ఈరన్న రాసేది. నిన్న నువ్వు కిటికీ పక్కన కూర్చోబెట్టిన ముసలాయన నేనే. నిన్ను పిలవడానికి వచ్చాను. ఆదివారం మన కాలేజీలో నిన్ను స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతారట. నీ మాట పిల్లలెవరూ మరిచిపోలేదు. మూడు రోజులు ఆ శాలువా నాదే అనుకున్నాను. నిన్న నీ ముందు నిలబడి కూడా చెప్పలేకపోయాను. అది కూడా నీకు తెలియాలి. నువ్వు వస్తే ఆ పూట బస్సులు ఎవరు పంపాలి అంటావేమో. నువ్వు ఒప్పుకుంటే నేను వచ్చి అక్కడ నిలబడతాను. అరవడం నిన్ననే నేర్చుకున్నాను. బస్సును ఎక్కడ చరవాలో, ముందా వెనకా, అది మాత్రం రాసి పంపు. వస్తావో రావో ఈ కండక్టరు చేతికే జవాబియ్యి. ఆదివారానికి ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. తొందరగా రాయి.