పేర్లు పిలిచిన రైలు

మస్తాన్ భాయ్,

సలాం. నువ్వు పోయి ఐదు నెలలు దాటింది. నువ్వు పోయిన మధ్యాహ్నం చెప్పులు లేకుండా కాలు కింద పెట్టలేని ఎండ. ఇప్పుడు తెల్లవారి బస్సెక్కేటప్పుడు చలికి వణుకుతున్నాం. నీ స్వెట్టర్ నేనే తొడుక్కుంటున్నాను... కోపం లేదు కదా?

కంపెనీ నన్ను దూరంగా బౌషర్ అనే ఊరికి పంపిస్తోంది భాయ్. ఈ పక్క పట్టాల పని మన గ్యాంగు వరకు అయిపోవచ్చింది. అక్కడేదో బిల్డింగ్ సైట్ అట. ఎల్లుండి పొద్దున బండి వస్తుంది. పెట్టె సర్దుకోవడానికి నాకెంతసేపు? నా బెంగ దాని గురించి కాదు, నీకు తెలుసు. నేను వెళ్ళిపోయాక నీ పేరు ఎవరు పిలుస్తారు?

ఖైరున్ వదినకు మాట ఇచ్చాను. ఆ సాయంత్రం ఫోన్లో ఆమె ఏడవనే లేదు, నమ్ముతావా? నిన్ను ఈ పరాయి దేశం నుంచి మీ నందలూరు పంపాలంటే కాగితాలకు చాలా రోజులు పడుతుందని ఆఫీసులో చెప్పారు. అదే ఆమెకు చెప్పాను. అయితే అక్కడే మట్టి చేయించమంది. ఒక్కటే అడిగింది... మీ తాత, ఆ దాదా చెప్పిన పద్ధతిలో ఎవరైనా నిన్ను పేరు పెట్టి పిలుస్తారా అని. నేను పిలుస్తాను వదినా అన్నాను. ఇంకేమనగలను?

మీ దాదా రైలు కథ మన రూమ్‌లో తెలియనివాడు లేడు. కూరలో ఉప్పు ఎక్కువైన రోజు కూడా ఆ కథే చెప్పి మా చేత తినిపించేవాడివి. ఇప్పుడు చెప్పేవాడు లేక నాలో నేనే చెప్పుకుంటున్నాను. తప్పులుంటే దిద్దుకో.

నందలూరులో రైల్వే గ్యాంగ్‌మన్‌గా ఉన్న మీ దాదాను పెద్ద యుద్ధంలో తెల్లవాళ్ళు ఓడ ఎక్కించి బస్రా రేవుకు తీసుకుపోయారు. అక్కడి ఎడారిలో తిరిగే యుద్ధపు రైలు మీద పని. ఇంజను మధ్యలో ఉండేది. దానికి అటూ ఇటూ ఉక్కు రేకులు తొడిగిన పెట్టెలు, వాటికి తుపాకీ గొట్టం దూరేంత కంతలు. లోపల సిపాయిలు. అన్నిటికంటే ముందు మాత్రం గోడలూ కప్పూ లేని బల్లబండి ఒకటి. దాని మీద అదనపు పట్టాలు, వాటి కింద వేసే స్లీపర్ దుంగలు, ఇసుక మూటలు, వాటి మధ్య ఏడుగురు గ్యాంగువాళ్ళు. శత్రువులు పట్టాలు పీకేసిన చోట దిగి మళ్ళీ వేసేది వాళ్ళే.

వాళ్ళకు రేకులు ఎందుకు తొడగలేదని అమాయకంగా అడిగాను. నువ్వు గ్లాసు కింద పెట్టి నవ్వావు. "పిచ్చోడా, పట్టాల కింద మందుగుండు పెట్టింటే ముందు ఏదో ఒకటి పేలాల గదప్పా? ఆ పేలేదే మావోళ్ళ బండి. రేకులు సిపాయిలకు, ఇసక మూటలు మాకు."



ఆ బండి ఒక పొద్దున పేలనే పేలింది. దస్తగిరి, ఓబులేసు, అంకన్న, పెంచలయ్య... నలుగురు పోయారు. మీ దాదాకు ఒక చెవి వినబడకుండా పోయింది. పెద్దరైలుకు మాత్రం గీత పడలేదు. ఆ నలుగుర్నీ పట్టాల పక్కనే, ఒకే గోతిలో పెట్టారు. గుర్తుగా కొయ్యముక్క కూడా పాతనివ్వలేదు తెల్ల ఆఫీసరు, శత్రువు కళ్ళబడుతుందని. ఇంజను కూత వేయడానికీ లేదు. అందుకని ఆ చోటు వచ్చినప్పుడల్లా మిగిలిన ముగ్గురూ కొత్త బల్లబండి మీద లేచి నిలబడి నాలుగు పేర్లూ గట్టిగా పిలిచేవాళ్ళట. ఆఫీసరు తిట్టాడు, తిండి కోశాడు. వాళ్ళు మానలేదు. కొన్నాళ్ళకు రేకుల పెట్టెల్లోంచి సిపాయిలు కూడా పిలవడం మొదలుపెట్టారట. పాపం, పెంచలయ్య అనడానికి పంజాబీల నోరు తిరిగేది కాదట!

యుద్ధం అయ్యాక ఆ రైలును విప్పి పాతఇనుములో వేశారు. దాని బొమ్మ నువ్వు ఎంత వెతికినా ఎక్కడా దొరకలేదు. మీ దాదా నోట్లో మిగిలింది, తర్వాత నీ నోట్లో... ఇప్పుడు నా నోట్లోనా భాయ్? ఎక్కడి మీ నందలూరు, ఎక్కడి మా కోరుట్ల?

ఇంటికి దూరంగా చచ్చిపోతే ఎలా అని నేను భయపడ్డప్పుడు నువ్వన్న మాట గుర్తుందా? "యా మన్నయినా మన్నే గదప్పా గంగారామూ. దోవన పొయ్యేవోడు ఒకడు పేరు పిలిస్తే సాలు." అప్పుడు తేలిగ్గా అనేశావు. పిలిచే పని నా మీద పడుతుందని నేననుకున్నానా?

నిన్ను మట్టి చేసిన రోజు నాకు సెలవు ఇవ్వలేదు. అంబులెన్స్ క్యాంపు గేటు దాటడం ఒక్కటే చూశాను. మర్నాడు సైటుకు పోతుంటే రోడ్డు పక్కన ఖబరస్తాన్ కనబడింది. ఇక్కడి సమాధులు నీకు తెలుసు కదా... తల దగ్గర ఒక రాయి, కాళ్ళ దగ్గర ఒక రాయి, అంతే. ఎవరిదీ పేరు రాయరు. ఏ రాయి నీదో తెలియక, ఖబరస్తాన్ మొత్తానికి వినబడేలా బస్సులో లేచి నిలబడి "మస్తాన్ భాయ్" అని అరిచాను. బస్సంతా ఉలిక్కిపడింది. రోజూ అలాగే పిలిచాను.

నెల తిరిగాక డ్రైవర్ గుల్ ఖాన్ మెల్లగా చెప్పాడు. నువ్వున్నది అది కాదట. ఇంకా ముందుకు పోయాక, గుట్ట కింద ఉన్నదట. అతను నీ జనాజాకు భుజం పట్టి గోరీ దాకా మోసినవాడు, అతనికి తెలియకేం? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా అంటే, ఆ మొదటి దాంట్లో కూడా మస్తాన్ అని మా వాళ్ళెవరో ఉన్నారనుకున్నాడట.

నవ్వుతున్నావా? నాకు మాత్రం నవ్వు రాలేదు. నెల పాటు ఎవరినో పట్టుకుని నీ పేరుతో పిలిచాను. నీ ముందు నుంచి నోరు మూసుకుని వెళ్ళిపోయాను. గంగారాం మరిచిపోయాడనుకున్నావా భాయ్?

అప్పటి నుంచి రెండు చోట్లా పిలుస్తున్నాను. మొదటి చోట ఉన్నవాళ్ళకు కూడా అలవాటైపోయి ఉంటుంది. ఉన్నట్టుండి మానేస్తే ఏమనుకుంటారు?

బదిలీ మాట తెలిసిన దగ్గర్నుంచి మనిషి కోసం వెతుకుతున్నాను. మన రూమ్‌వాళ్ళలో ఇద్దరు ఇబ్రి సైటుకు వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళు ఇళ్ళకు చేరారు. రాములు ఒక్కడే ఉన్నాడు. అడిగితే సిగ్గుపడ్డాడు, అందరి ముందు అలా అరవడం తన వల్ల కాదన్నాడు. గుల్ ఖాన్‌ను అడిగాను. తను అక్కడ పడుకున్నవాళ్ళందరికీ కలిపి సలాం చెప్పుకుంటాడట, ఒక్కరినే పేరు పెట్టి కేక వేయడం తనకు అలవాటు లేదన్నాడు. అతని పద్ధతి అతనిది, నేనేమనను? బస్సు మాత్రం అక్కడ నెమ్మది చేస్తానన్నాడు. అదీ మేలే.

రాములు మీద మాత్రం కోపం వచ్చింది భాయ్. జ్వరం వస్తే వాడికి గంజి కాచి పోసింది నువ్వు కాదూ? ఒక్క కేక వేయడానికి వీడికి పరువు అడ్డం వచ్చిందా! రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. తర్వాత ఆలోచిస్తే... బలవంతంగా పిలిపిస్తే అది పిలుపవుతుందా? వెళ్ళి నేనే పలకరించాను.

బస్సులో ఇప్పుడంతా కొత్తవాళ్ళు. నిన్ను చూసినవాళ్ళు నలుగురైనా లేరు. వాళ్ళనేమని అడగను?

ఇవాళ పొద్దున ఎక్కేటప్పుడే మనసు బాగాలేదు. రేపు ఒక్క రోజే కదా మిగిలింది అనుకుంటూ కూర్చున్నాను. మొదటి ఖబరస్తాన్ వచ్చింది. లేవబోయి మళ్ళీ కూలబడ్డాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చేలా ఉంది. చూస్తుండగానే రాళ్ళన్నీ వెనక్కి పోయాయి. ఎవరూ పలకలేదు. అంతే, ఇక అయిపోయింది అనుకున్నాను. తల వంచుకుని ముందుసీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. నువ్వు ఎప్పుడూ కూర్చునే సీటు అది.

గుట్ట దగ్గర గుల్ ఖాన్ బస్సు నెమ్మది చేశాడు. నాకు కళ్ళెత్తే ధైర్యం లేదు.

అప్పుడు వెనక నుంచి ఎవరో పిలిచారు భాయ్.

"మస్తాన్ భాయ్" అని. అచ్చం నేను పిలిచినట్టే, చివర కాస్త సాగదీసి. ఒక్కటే గొంతు. తిరిగి చూస్తే బీహార్ వైపు నుంచి ఈమధ్యే వచ్చిన వెల్డరు, నడివయసు మనిషి. సీటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు. పిలిచి, కూర్చుని, మఫ్లర్ చుట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నిన్ను అతను ఒక్కసారి కూడా చూసి ఉండడు. నేను ముందుకు తిరిగి బాగా ఏడ్చాను.

సాయంత్రం డ్యూటీ దిగగానే వదినకు ఫోన్ చేశాను. ఇవాళ నేను పిలవలేకపోయాను వదినా, నా బదులు ఇంకొకాయన పిలిచాడు, ఎవరూ చెప్పకుండానే అన్నాను. ఇన్నాళ్ళూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. చాలాసేపటికి ముక్కు తుడుచుకుని, ఆయన పేరేమిటి గంగారాం అని అడిగింది.

నాకు తెలియదు భాయ్! ఇన్ని రోజులు ఒకే బస్సులో పోతున్నాం, ఒకే కుండలో నీళ్ళు తాగుతున్నాం... ఆయన పేరేమిటో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

రేపు పొద్దున బస్సెక్కే ముందే అడుగుతాను. వదినకు చెప్తాను. నేనూ గుర్తుపెట్టుకుంటాను.

పోయొస్తాను భాయ్.

నీ
గంగారాం